బండ మీది చెప్పులు

ఏ చెప్పులు బిడ్డా? ఇటియ్యి ఆల్బం, జర వెలుతురుకు పెట్టు. ఆఁ, గవా. మీ అక్క ప్రేమలత పట్టుచీరల నిలవడ్డది, పక్కకు మీ బావ సూటేసుకొని ఉన్నడు, ఎనక కుంటాల జలపాతం దునుకుతుంది. గవన్ని ఇడిచిపెట్టి నీకు బండ మీద చెప్పులే కనవడ్డయా సునీతా? అందరు గంతే. పన్నెండేండ్ల సంది ఎవరు చూసినా గదే అడుగుతరు, "కుర్మయ్యా, గా చెప్పులెవరియి?" అని. కూసో. ఊడిన పేజీలు అతికిస్త గని, పాల్మాకుల బస్సుకు ఇంక శాన టైమున్నది. మీ అక్కబావలు కుంటాల మొకమే చూడలే, నీకెరికే గదా. పెండ్లి ఈడ్నే శంషాబాద్ల ఫంక్షన్ హాల్ల అయింది, నువ్వు గప్పుడు గింతుంటివి. గప్పటి ఫ్యాషన్ గట్లుండె. హాల్ల తీసిన జోడిని కంప్యూటర్ల కత్తిరించి ఎనకకు ఏదన్న సీనరీ అతికిస్తుంటిమి. ఎంత పెద్ద జలపాతముంటె అంత పెద్ద పెండ్లి అన్నట్టు.

గవి బాలమల్లు చెప్పులు. టాక్సీ బాలమల్లు. రెండువేల ఎనిమిదిల ఎయిర్‌పోర్టు చాలు అయినంక వాడు నాగలి ఇడిచి స్టీరింగ్ వట్టిండు. నా స్టూడియో ముంగట బండి ఆపి ఛాయ్ తాగుకుంట, "కుర్మన్నా, కెమెరా ఎట్ల పడ్తరో జర సూపియ్యరాదె" అని ఒకటే ఎంటవడె. నేర్పిన. నేనే నేర్పిన, బుద్ధి గడ్డి తిని. ఇగ విమానం దిగినోళ్ళను ఎక్కించుకొని అనంతగిరి పోతుండె, శ్రీశైలం పోతుండె, ఒకపాలి అరకు దాంక పోయిండు. వాళ్ళు హోటల్ల పండుకొని గురక వెడ్తుంటె వీడు తెల్లారకముందే లేసి గుట్ట ఎక్కేటోడు. చెప్పులిడిసి మరీ. "గుట్ట మీద చెప్పులేసుకొని ఫోటో తియ్యబుద్ధి కాదన్నా" అంటుండె. నేను నవ్విన. "ఏమిరా, జలపాతం నీ మేనమామనా?" అన్న. నవ్వినగని, వాడు ప్రింట్లకు తెచ్చిన ఫోటోలు చూస్తె నా నవ్వు ఆగిపోతుండె. అనంతగిరిల పొగమంచు, దాంట్ల ఒక్క మ్యాక. గంతే, ఇంకేం లేదు. గని కండ్లు పక్కకు రావు.

పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినోళ్ళు అవి చూసి, "ఓయబ్బ, కుర్మయ్యా, నువ్వే తీసినవా?" అని అడుగుతుండిరి. "కాదు, టాక్సీ బాలమల్లు" అనాలంటె నా పానం మీదికొస్తుండె. ముప్పై ఏండ్లు కెమెరా మోసిన బిడ్డా నేను. పెండ్లిళ్ళు, తొట్టెల ఫంక్షన్లు, పీనుగులు గూడ తీసిన. నన్ను ఒక్కడన్న ఓయబ్బ అనలే. కడుపు మండిందా అంటవా? మండింది, దాసిపెట్టుడెందుకు. ఎవరో బొంబాయి ప్యాసింజరు వాని ఫోటోను క్యాలెండర్ల ఏయించిండు. వాడు మొదటి కాపీ ఉరుక్కుంట తెచ్చి నా చేతుల పెట్టిండు, "నువ్వు నేర్పిందే గదన్నా" అని. వాడు అటు పోంగనే గా క్యాలెండర్ను గోడ దిక్కు తిప్పి పెట్టిన.

వాడేం మంత్రమేస్తుండో చూద్దామని రెండువేల పదకొండు వానకాలంల నేను గూడ వానెంబడి కుంటాల పోయిన. గాడ మంది ఎగవడి ఫోన్లల్ల ఫోటోలు తీస్తుండ్రు. వాడు మాత్రం రెండు గంటలు కూసున్నడు, మబ్బు జరగాలె అంటడు. జరిగినంక నన్ను భుజం వట్టి ఒక్క తావుల నిలవెట్టిండు. "అన్నా, ఈడికెల్లి కొట్టు. నన్ను గూడ ఒకటి కొట్టు, నాది ఇంట్ల ఒక్క ఫోటో లేదు" అని చెప్పులు బండ మీద ఇడిసి నీళ్ళ అంచుకు పోయి నిలవడ్డడు. కొట్టిన. నా జన్మల తీసిన ఒక్క మంచి ఫోటో గదే బిడ్డా. తావు వానిదే, మబ్బు లెక్క వానిదే, మీట మాత్రం నేనొత్తిన.

మరుసటేడు మీ అక్క పెండ్లి. మీ బాపు, "కుర్మన్నా, ఎవ్వరికి లేని సీనరీ పెట్టాలె" అన్నడు. గా ఫోటో తెరిచిన. నడుమ వాడు నవ్వుకుంట నిలవడ్డడు. సీనరీ గావాలె, మనిషి వద్దు. పక్క నీళ్ళు తెచ్చి వాని మీద పూసుడు మొదలు వెట్టిన. ముందుగాల తలకాయ పోయింది, అటెనుక చేతులు, అటెనుక కాళ్ళు. అబద్ధమెందుకు, తుడుస్తుంటె మనసుకు సల్లగ అనిపించింది. చెప్పులు బండ రంగులనే ఉండె, కండ్లకు ఆనలే. అసలు ఫోటోను ముట్టొద్దు, మార్చింది వేరే పేరుతోని దాసుకోవాలె, నా దగ్గర పని నేర్చినోళ్ళకు మొదటిరోజే చెప్తుంటి. గా దినం దాని మీదనే సేవ్ కొట్టిన. ఇంకో కాపీ లేదు.

ఏడాది తిరగలే, ఎయిర్‌పోర్టు టాక్సీల లైన్ల బండి ముందుకు జరగకపోతె ఎనకోడు దిగి చూసిండట. స్టీరింగ్ మీద తల వెట్టుకొని పోయిండు బాలమల్లు. మూడో దినం వాని పెండ్లాం దుర్గవ్వ నా షాపుకొచ్చింది. "అన్నా, కుంటాలల నువ్వు తీసినవని వంద సార్లు చెప్పిండు. గది పెద్దగ చేసియ్యి, దినాలకు పెట్టుకుంట" అన్నది. కంప్యూటర్ తెరిచిన. నీళ్ళు దునుకుతున్నయి, మనిషి లేడు. "ఖరాబైంది దుర్గవ్వా" అన్న. లైసెన్సు మీది గోరంత ఫోటోను పెద్దగ చేసిచ్చిన. మొకమంత మసక మసక. ఆమె చూసి, "గీయన మా ఆయన లెక్క లేడన్నా" అన్నది. దానికే దండేసింది. ఇప్పటికి ఆ ఇంట్ల గోడకు గదే ఉన్నది.

ఏందీ? గీ పేజీ తీస్కపోయి దుర్గవ్వకు సూపిద్దామంటవా? సూపిస్తె గుర్తువడ్తది. ఆ చెప్పుల పట్టె తెగితె సూదితోని కుట్టిచ్చింది ఆమెనే. "గీడనే నిలవడ్డడా అన్నా" అంటది, గీ నీళ్ళకే దండేస్తది. గప్పుడు ఇది గూడ వాని ఫోటోనే అయితది గదా బిడ్డా. వచ్చినోళ్ళంత ఓయబ్బ, బాలమల్లు అంటరు. ఇంత ముసలోన్నయిన, అయినా ఇయ్యబుద్ధి అయితలేదు చూడు.

గా ఫెవికాల్ డబ్బ ఇటియ్యి. నీ బస్సొచ్చే యాళ్ళయింది.