అమ్మమ్మ ఇస్త్రీ షికార్లు

మాట్లాడకే! పళ్ల డాక్టరు ఏమన్నాడు? గంటసేపు దూది కరిచిపెట్టి కదలకుండా కూర్చోమన్నాడా లేదా? నాలుగు పళ్లు పీకించుకుని కూడా ఇంకా ఆ 'ఊఁ ఊఁ' ఏమిటి? పుట్టిన దగ్గర్నుంచీ నేనో మాటంటే నువ్వు పది అడ్డం వేశావు. ఇన్నాళ్లకి నాకో గంట దొరికింది. దూది ఉమ్మావంటే మళ్లీ నేనే కుక్కుతాను, ఏమనుకున్నావో!

అయినా, లోపలికెళ్లే ముందు ఎంత మాటన్నావే! ఇప్పుడు మందుల కొట్టుకెళ్లిందే, ఆ నీ మనవరాలితో, "మా అమ్మమ్మకి అక్కంటేనే ప్రాణం, నన్ను షికారుక్కూడా తీసుకెళ్లేది కాదు" అంటావా? నవ్వుతూనే అన్నావులే. అరవై ఏడేళ్లుగా నవ్వుతూనే అంటున్నావు.

అమ్మమ్మ! అబ్బ, ఏం మనిషే! ఆవిడ ఇస్త్రీ పెట్టె పడితే ఏనుగు ఒంటి మీద ముడతలు కూడా పోయేవి. పెట్టె వేడెక్కిందో లేదో చెంప దగ్గర పెట్టి చూసుకునేది. ఓసారి దాని మీద ఈగ వాలబోయి గాల్లోనే ఆవిరైపోయింది. తల అడ్డంగా ఊపకు, నేను చూశాను! సరే, ఈగ కాదు, దోమ.

ఆవిడ ఇస్త్రీ కొట్టు గుర్తుందా? ముందు గదిలో పొడుగు బల్ల, దాని చివర పెట్టె నిలబెట్టడానికి ఇటుక, వెనక పెరట్లో ఆరేసిన దుప్పట్లు. బొగ్గుల వేడికి గోడ మీద బల్లులు కూడా విసుక్కునేవి.

"బట్ట నడిస్తే గానీ ఇస్త్రీ సంగతి తెలీదు" అనేది కదా. ఆ వంక పెట్టుకుని, బట్టలు ఇచ్చెయ్యాల్సిన రోజు మధ్యాహ్నం, ఊళ్లోవాళ్ల బట్టలు తొడుక్కుని దర్జాగా రెండు వీధులు తిరిగొచ్చేది! అప్పట్లో మన ఊళ్లో పెద్దింటి ఆడవాళ్లకి దొరసానుల్లా గౌన్ల మోజు కదా! బ్యాంకు మేనేజరు భార్య గౌను, ఎవరిదో టోపీ, ఇంకెవరివో చేతి తొడుగులు. ఓ వారం బ్యాండు మాస్టరు ఎర్రకోటు వేసుకుంటే, దార్లో పోలీసాయన నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడే! ఒక్కడేమిటి, పన్నెండు మంది కొట్టారు. వరసగా!

మరి స్టేషను మాస్టరు భార్య ఎదురుపడ్డ రోజు? అమ్మమ్మ ఒంటి మీదున్నది ఆవిడ గౌనే! నాకు గుండె జారి చెప్పుల్లోకొచ్చింది. అమ్మమ్మ మాత్రం బెదరలేదు. గిర్రున ఒక చుట్టు తిరిగి, "వెనకాల కుచ్చిళ్లు ఎలా పడ్డాయో చూడమ్మా, నీకు అద్దంలో కనబడదు కదా" అంది. ఆవిడ ఏమంది? "అయ్యో, నాకంటే నీకే బావుందే!" అని మెచ్చుకుని వెళ్లింది. ఆ మర్నాటి నుంచీ ఊళ్లో సగం మంది ఆడవాళ్లు, మా గౌను కూడా ఓసారి నడిపించి చూపించమని కొట్టు ముందు బారులు తీరారు. పోనీలే, ఇద్దరొచ్చారు. ఇద్దరూ ఆడవాళ్లే కదా!

షికారుకి ఒక్క పిల్లనే తీసుకెళ్లేది. "ఒక్క పిల్ల వెంటుంటే దొరసాననుకుంటారు, ఇద్దరుంటే ఇస్త్రీ ఆవిడని పోల్చేస్తారు" అనేది. ఏం లెక్కో ఏమో! ఓ వారం నేను, ఓ వారం నువ్వు. మనక్కూడా ఎవరి పిల్లల గౌనో తొడిగేది. ఆ గరగరలాడే మెడపట్టీ, ఆ గంజి వాసన! తల నిటారుగా పెట్టుకుని, పక్కింటి పిల్లల్ని ఎరగనట్టే నడిచేవాళ్లం.

ఆ తర్వాత జడ్జిగారి కోటు వచ్చింది.

అదిగో, ముఖం ముడుచుకున్నావు. జరిగిందేమిటో నీకు తెలుసనుకుంటున్నావు కదూ? అమ్మమ్మ దుప్పట్లు తియ్యడానికి పెరట్లోకి వెళ్తూ పెట్టెని నీకప్పజెప్పింది. నీకు ఆరేళ్లు. పిల్లి అరిస్తే వీధిలోకి పరిగెత్తావు. తిరిగొచ్చేసరికి పెట్టె ఇటుక మీద లేదు, నల్లకోటు మీద బోర్లా పడుంది. రొమ్ము దగ్గర పెట్టె ఆకారంలో కన్నం! "ఎవరే?" అని అమ్మమ్మ ఒక్క అరుపు అరిచింది. "నేనే అమ్మమ్మా" అన్నావు. ఏదడిగినా నువ్వు "నేనే" అనేదానివి. వానెందుకు పడిందే అన్నా "నేనే" అనేదానివి!

అమ్మమ్మ తెలివి చూడు. ఆ కన్నం మీద నల్లగుడ్డతో జేబు కుట్టేసింది. జడ్జిగారు అందులో కళ్లజోడు పెట్టుకుని మురిసిపోయాడు. నెల తిరిగేసరికి ప్లీడర్లందరికీ అదే జేబు కావాలి! జేబు లేనివాళ్ల కేసులన్నీ ఓడిపోయాయట.

నీకు మాత్రం ఆ రోజుతో షికార్లు బందయ్యాయి. అన్ని వారాలూ నేనే. నువ్వేమో మళ్లీ ఇస్త్రీ పెట్టె ముట్టలేదు. నీ పెళ్లికి కూడా నలిగిన బట్టల్లోనే నిలబడ్డావు.

చెల్లీ, ఆ కోటు కాల్చింది నేనే.

కూర్చో! దూది పడిపోతుంది, కూర్చోవే. అది నీ వంతు వారం. నాకు కుళ్లు. కనీసం నా జడ రిబ్బనైనా తళతళలాడాలని, నువ్వలా వెళ్లగానే కోటు మీద రిబ్బను పరిచి పెట్టె తోశాను. పెరటి తలుపు చప్పుడైంది. పెట్టె అక్కడే వదిలేసి పక్కగదిలో మంచం కిందికి దూరాను. నువ్వు "నేనే" అంటుంటే అక్కణ్నుంచే విన్నాను. హమ్మయ్య అనుకున్నానే.

ఆగు, ఇంకా ఉంది. అమ్మమ్మకి తెలుసు. పెట్టె అడుగున నా రిబ్బను ముక్క కరిగి అంటుకుందట. నెల తర్వాత షికారులో, ఎవరిదో పూల టోపీ సర్దుకుంటూ చల్లగా చెప్పింది. "నిన్ను వెంట తిప్పుతున్నది ముద్దొచ్చి కాదే తల్లీ. కొట్లో ఒంటరిగా వదిలితే ఊరు తగలబెడతావని. చెల్లెలైతే చెయ్యని తప్పు కూడా నెత్తినేసుకుంటుంది. దాన్ని నమ్మి కొట్టు వదిలి రావచ్చు" అంది. షికారుకెళ్తూ కొట్టు తాళంచెవి నీ నడుముకే ఎందుకు కట్టేదనుకున్నావు? ఆరేళ్ల పిల్లకి, మొత్తం కొట్టు!

"నువ్వే దానికి చెప్పు. నేను చెబితే చాడీ అవుతుంది" అంది. రేపు చెబుతానన్నాను. చలికాలం రాకుండానే ఆవిడ పోయింది. నా రేపు మాత్రం ఇవాళ్టిదాకా సాగింది.

ఎందుకు చెప్పలేదంటావా? చెబితే నాకేం మిగిలేదే? నా దగ్గరున్నదల్లా అమ్మమ్మకి నేనంటే ప్రాణం అన్న ఆ ఒక్క మాటే కదా. నిజానికి అదీ నీదే.

ఏమిటలా చూస్తావు? ఆ చెయ్యెందుకు నా నెత్తి మీద? తియ్యి! అప్పుడే క్షమించేశావా? నీతో ఇదే చిక్కు! కనీసం రెండు రోజులైనా కోపంగా ఉండవే, నీ కాళ్లు పట్టుకుంటాను.