ప్రైజొచ్చిన దూడ

లేరండీ. మేస్టారు ఇంట్లో లేరు. పొద్దున్నే బొమ్మల స్టాండు భుజానేసుకుని కాలవగట్టుకి పోయేరు. మీరొస్తారని తెలుసు. తెలిసినా పోయేరు. ఇవాళ మీతోపాటు ఇంకో ఆయన కూడా వచ్చే రోజు కదా, అందుకని పోయేరు. ఇంట్లో ఏదైనా కష్టమైన పని ఉన్న రోజున ఆయనకి కాలవగట్టు మీద ఎండ మహా అందంగా కనబడుతుందండీ!

కూర్చోండి మాణిక్యాలరావు గారూ. అయ్యో, ఆ స్టూలు మీద వద్దు, రంగు ఆరలేదు. ఇదిగో ఈ కుర్చీ... బాతు రెట్టేసిపోయింది, ఉండండి తుడుస్తాను. ఆయ్, మా ఇంట్లో మనుషులు కూర్చునే చోటు తక్కువండీ.

నా కాళ్ళకేసి చూడకండి. పుంతదారిలో బురద. మీరు రేవు దగ్గర పంటు దిగి రోడ్డమ్మట వచ్చుంటారు, నేను తోటల్లోంచి అడ్డంగా పడి వచ్చేను. కాఫీ ఇద్దామంటే పాలు లేవు. బొండం కొట్టిస్తాను, తాగుదురుగాని.

దూడా? చెప్తానండీ. చెప్పకుండా ఎక్కడికి పోతాను? ఆ మ్యూజియం కాయితాలు సంచిలోనే ఉంచండి, ఇక్కడ తడి. ఏంటీ, అద్దాల పెట్టె చేయించేరా? పైన దీపం కూడానా? మ్యూజియంలో గుమ్మానికి ఎదురుగానా! చూసేరా, గడ్డి కుక్కిన దూడకి అద్దాలమేడ. దాన్ని కన్న తల్లికి వెంకన్న. వెంకన్నంటే ఎవరంటారా? వట్టిపోయిన గొడ్లని కొనుక్కుపోయే బేరగాడండీ. మా గేదె సువర్ణని అమ్మేసేం. ఇవాళే తోలుకుపోయేడు.

అంత జాలిగా మొహం పెట్టకండి బాబూ. ఇందులో మీకూ కాస్త వాటా ఉంది.

మీరు ఆయన దగ్గర బొమ్మలేయడం నేర్చుకున్న పిల్లల్లో ఒకరు. ఇవాళ ఎగ్జిబిషన్లకి పెద్ద ఆఫీసరయ్యేరు, మాకూ గొప్పే, కాదనను. కాని మీ మేస్టారితో కాపురం మీరు చెయ్యలేదు కదండీ. రిటైరయిన వాళ్ళంతా ఏం చేస్తారు? బైబిలు చదువుకుంటారు, అరుగు మీద కూర్చుని గవర్నమెంటుని తిడతారు. ఈయన ముక్తేశ్వరంలో ఈ అరెకరం కొబ్బరితోట కొన్నారు. సరదాకంట! బాతుల్ని కొన్నారు. గుడ్లకా? కాదు, పోతుబాతు మెడ మీద పచ్చరంగు చూసి. గిన్నికోళ్ళు చుక్కల కోసం. మేక కొమ్ములు వంకరగా ఉన్నాయని మేక. ఆ మేక ఓనాడు గోదావరి మీద సూర్యోదయం సగం నమిలేసింది లెండి. ఈ ఇంట్లో నా పక్షాన నిలబడ్డది అదొక్కటే.

వీటన్నిటికీ మేత ఎవరేస్తారు? పేడ ఎవరెత్తుతారు? బొమ్మలో పేడ ఉండదు కదండీ, ఆయనకి కనబడదు. తాటిపాక నుంచి ఇంజనీర్ల భార్యలు జీపులేసుకుని వస్తారు, ‘ఎంత ప్రశాంతంగా ఉందండీ మీ తోట’ అంటారు. ప్రశాంతం! తెల్లారుజామున లేచి కుడితి కలిపితే తెలుస్తుంది ప్రశాంతం.

గేదెని మాత్రం నేనే అడిగేను. ఒప్పుకుంటాను. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన్ని నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

మా నాన్న సాలమోను కాట్రేనికోన దగ్గర ఒక కామందు గారి పశువులు కాసేడండీ. పాక నిండా గేదెలు. అన్నిటికీ పేర్లు పెట్టి పిలిచేవోడు. మా ఇంట్లో మాత్రం మజ్జిగ చుక్కుండేది కాదు. ఒకరోజు నాకు జ్వరమొస్తే కాసిని పాలు అడగడానికి వెళ్ళి, దొడ్డిగుమ్మంలో నిలబడి నిలబడి వట్టి గ్లాసుతో తిరిగొచ్చేడు. తర్వాత ప్రభువు దయవల్ల చదువుకున్నాం, పంతులమ్మనయ్యేను, ఇస్త్రీ చీర కట్టేను. అయినా ఆ గ్లాసు నా కళ్ళముందు నుంచి పోలేదండీ. నా పాకలో, నా పలుపుకి, నా గేదె ఉండాలి. అంతే నా కోరిక. పశువులు ఆయనకి సరదా. నాకు కాదు.

సరేనని కొన్నారు. నలుపులో నీలం కనబడుతోందని కొన్నారు లెండి, నా కోసం కాదు. సాయంత్రం ఎండ పడితే వీపు బంగారంలా ఉందని సువర్ణ అని పేరు పెట్టేరు. కాటుకలాంటి గేదెకి సువర్ణ! ఊళ్ళో పిల్లలు నవ్వేవారు. నవ్వనియ్యండి, పిలిస్తే పలికేది. నా అడుగు చప్పుడు వింటే చాలు, చేపేసేది. చెయ్యి వేయకుండానే చన్నులోకి పాలు దిగేవి.

అలాంటిది మొన్న వానాకాలంలో ఈనింది. దూడ నిలవలేదు. పారుడు పట్టుకుని పోయింది. దూడ లేకపోతే గేదె చేపదు కదండీ, పాలన్నీ లోపలే బిగబెట్టుకుంటుంది. అందుకని ఊళ్ళో ఎవరైనా ఏం చేస్తారు? చచ్చిపోయిన దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి, గడ్డి కూరి, నాలుగు కర్రలు గుచ్చి తల్లి ముందు నిలబెడతారు. అది దాన్ని నాక్కుంటూ పాలిస్తుంది. మోసమే. కాని దానికీ కాస్త ఊరట, మనకీ కాసిని పాలు.

తోలు ఒలిచిన కొండయ్యే దాన్ని తెచ్చి, ‘నేను కుట్టేస్తానమ్మా’ అన్నాడు. ఈయన ఊరుకుంటేనా! ‘నేనుండగా నువ్వెందుకురా’ అన్నారు. తీగలతో చట్రం కట్టేరు. కళ్ళకి గోళీలు పెట్టేరు. మెడ కాస్త పక్కకి తిప్పి, ఒక కాలు ముందుకేసి, తల్లికేసి నడుస్తున్నట్టు నిలబెట్టేరండీ. అబద్ధం ఎందుకాడాలి? చూసి నాకే కళ్ళనీళ్ళొచ్చేయి. సువర్ణ అయితే దాని మీంచి నాలిక తియ్యలేదు. పొద్దున్నా సాయంత్రం బిందెడు పాలిచ్చింది. ఆ నెల్లాళ్ళూ ఈ ఇంట్లో కళన్నది ఒకటుందనీ, దాని వల్ల ఒకరికి మేలవుతుందనీ మొదటిసారి నమ్మేనండీ.

అప్పుడు మీరొచ్చేరు.

గుర్తుందా? ఆయన ఇన్నేళ్ళూ వేసిన బొమ్మలన్నీ వరండాలో వరసగా పేర్చేరు. మీరు వాటి మీదుగా అలా చూసుకుంటూ పోయి, పాక దగ్గర ఆగిపోయేరు. ‘మేస్టారూ, ఇదండీ మీ అసలు పని!’ అన్నారు. అంతే. మీరు పంటు ఎక్కేసరికి దూడ పాకలోంచి ముందుగదిలోకి వచ్చేసింది.

‘నాకి నాకి వెంట్రుకలన్నీ ఊడగొడుతోంది కృపా, ఇంక దానికి ఇవ్వకూడదు’ అన్నారు మీ మేస్టారు. మరి పాలో అంటే, ‘దానికి వేరే ఏర్పాటు చేస్తాలే’ అన్నారు. ఏం చేసేరో తెలుసా? పెద్ద అట్ట మీద దూడ బొమ్మేసి పాకలో నిలబెట్టేరండీ! నవ్వుతున్నారా? నవ్వండి. నేనూ నవ్వేను ఆరోజు. అచ్చం ఆ దూడే, ఆ మెడే, ఆ కాలే. సువర్ణ దగ్గరికొచ్చి వాసన చూసి, దానికేసి వీపు గోక్కుంది. ‘పశువు కదా, కళాదృష్టి ఉండదు’ అన్నారు ఈయన.

మర్నాటినుంచి చేపడం మానేసింది. నేనెంత బుజ్జగించినా, తవుడు పెట్టినా, పాట పాడినా, ఊహూ. మొహం ముందుగది కిటికీకేసి పెట్టి అరుపే అరుపు. పొదుగు రాయిలాగైపోయింది. ఒళ్ళు కాలిపోయేది. పశువుల కాంపౌండరు వచ్చి సూదులు పొడిచేడు. వేడినీళ్ళ కాపడం పెట్టమన్నాడు, పెట్టేను. చీమూ నెత్తురూ పిండి పారబోసేను ఈ చేతుల్తోనే. 

బతిమాలేనండీ ఆయన్ని. ‘ఒక్క వారం ఆ దూడని పాకలో పెట్టండి, పొదుగు మెత్తబడగానే మళ్ళీ మీ గదిలో పెట్టుకోండి’ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయనేమన్నారో చెప్పనా? ‘గేదె పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు కృపా. ఇలాంటి పని చేతికి మళ్ళీ రాదు.’ ఆరోజు నాకు మా నాన్న నిలబడ్డ కామందుగారి దొడ్డిగుమ్మం గుర్తొచ్చిందండీ. తేడా ఏంటంటే, ఈ గుమ్మం మా ఇంటిదే.

రెండు చన్నులు చచ్చిపోయేయి. మిగతా రెండూ ఎండిపోయేయి.

అదే వారంలో మీ కబురొచ్చింది, దూడని ఎగ్జిబిషనుకి పంపమని. కలరా ఉండలు పొట్టలో వేసి, నా పెళ్ళినాటి దుప్పట్లో చుట్టి పంటెక్కించేరు. పంటు మీద ఎవరో ముసలమ్మ, ‘దూడకి ఊపిరాడదు బాబూ, దుప్పటి తియ్యండి’ అందంట. తీస్తే నోటికి గడ్డిపోచ అందించిందంట! దూడతో తిరిగి ఇంటికొచ్చి ఆ ముక్క ఎంతమందికి చెప్పుకున్నారో. శాలువా కప్పేరు, ప్రైజు కప్పు ఇచ్చేరు, పేపర్లో వేసేరు. దూడ కింద చీటీ అంటించేరంట కదా, ‘మాతృప్రేమ’ అని? నాకు తెలీక అడుగుతాను, అందులో తల్లి ఏదండీ?

పాలివ్వని గొడ్డుకి మేతెక్కడ తెస్తామన్నది కూడా ఆయనే. వెంకన్నతో మాట్లాడింది కూడా ఆయనే. తీరా ఇవాళ పొద్దున్న, ‘నేను చూళ్ళేను కృపా, నా మనసు మెత్తన’ అని కళ్ళు తుడుచుకుంటూ రంగుల పెట్టె తీసుకున్నారు. మెత్తని మనసు వాళ్ళతో కాపురం మహా కష్టమండీ. గట్టి పనులన్నీ పక్కవాళ్ళ నెత్తినే పడతాయి.

పలుపు నేనే ఇచ్చేను. గేటు దాకా బాగానే వచ్చింది. గేటు దగ్గర ఆగిపోయింది. కిటికీ వదిలి రానంది. వెంకన్న లాగేడు, తోసేడు, తోక మెలిపెట్టేడు. కర్రతో కొట్టేడు. అది అరవలేదండీ. నాకేసి చూసింది. ‘ఆగరా’ అన్నాను. ముందుగదిలోకి వెళ్ళేను.

మీరు అటు చూడకండి. ఆ గదిలో ఏం లేదు. కప్పుంది, శాలువా ఉంది. దూడ లేదు.

ఎత్తుకున్నానండీ దాన్ని. ఎంత తేలికో! చంటిపిల్లని ఎత్తుకున్నట్టు చంకనేసుకుని గేటు దాటేను. పొట్టనిండా కలరా ఉండల కంపు. ఆ కంపులో కూడా ఎలా పోల్చుకుందో, పిచ్చిముండ! గొంతులో చిన్నగా గుర్రుమని పిలిచింది. కొత్తగా ఈనినప్పుడు పిలుస్తాయి చూడండి, ఆ పిలుపు. కర్ర అక్కర్లేదు, పలుపు అక్కర్లేదు. నేను ముందు, నా వెనకాల అది, దాని ఊపిరి నా మోచేతికి తగుల్తూ. పుంతలో కొంచెం దూరం పోయేక వెనక్కి తిరిగి చూస్తే, చేపిందండీ. ఆ మిగిలిన రెండు చన్నుల్లోంచీ. పాలంటే పాలేం కాదు, నీళ్ళలాగ నాలుగు చుక్కలు, బురదలో.

ఇంక నేను ముందుకి పోలేదు. మలుపులో వెంకన్న చేతికిచ్చేసేను. ‘కొట్టకు నాయనా. ఇది భుజాన పెట్టుకుని ముందు నడు. ఎక్కడికైనా వస్తుంది’ అని చెప్పి వచ్చేసేను. కబేళాకి తోవ చూపించింది నేనేనండీ. మీ మేస్టారు చేసిన దూడతోటి.

లేవకండి, లేవకండి. ఇప్పుడు పరిగెత్తినా దొరకరు, మీరొచ్చిన పంటే వాళ్ళని ఎక్కించుకుని తిరిగి పోయుంటుంది. అవునూ, మీరు దిగేటప్పుడు రేవులో కనబడే ఉండాలే వాళ్ళు? భుజాన దూడనేసుకుని ఒక మనిషి, వెనకాల నల్లగేదె...

చూసేరా! దగ్గర్నుంచేనా?

ఏమనుకున్నారు? చెప్పండి, మొహమాటం దేనికి? ...నిజం దూడే అనుకున్నారా? తల్లీబిడ్డా ముచ్చటగా ఉన్నాయని నిలబడి చూసేరా?

ప్రైజిచ్చిన మీరేనండీ!

పోన్లెండి. కాయితాలు తీసుకుని ఇలా కొబ్బరిచెట్ల మధ్యనుంచి తిన్నగా పొండి, గట్టు మీద తెల్లగొడుగు కింద కనబడతారు మేస్టారు. తన దూడని రేవులో మీరే పోల్చుకోలేకపోయేరన్న మాట చెప్పండి. చాలా సంతోషిస్తారు.