కనుకయ్య కోసం లేచి నిలబడ్డ కాలేజీ

శుక్రవారం భివండి పద్మనగర్‌లో సాంచెలు బంద్. వారమంతా చెవులు పగిలేలా కొట్టుకునే మరమగ్గాలు ఆ ఒక్కరోజు నోరు మూసుకుంటాయి, మా కనుకయ్య నోరు తెరుస్తాడు. వెంకవ్వ చాయ్ బండి పక్కన బల్ల మీద నడిమధ్యన కూర్చుని, గల్లీ అంతా వినపడేలా చెబుతాడు. సాంచెల మధ్య బతికినవాళ్లం, మెల్లగా మాట్లాడటం మాకెవరికీ రాదు.

ఆ శుక్రవారం మేమే ముందొచ్చి కూర్చున్నాం. సిరిసిల్ల వైపు తను ఇంటర్ చదివిన కాలేజీలో పాత విద్యార్థుల సమ్మేళనం ఉంటే కనుకయ్య పోయి వచ్చాడు. ఇక్కడ మా సేఠ్ సాంచెలను పాత ఇనుము కింద తూకానికి అమ్మేస్తున్నాడు. నెలాఖరుకు కార్ఖానాకు తాళం. "నా దోస్తు సురేశ్ మా ఊరి దిక్కు పెద్ద బడి పెట్టిండు. నేనడిగితె కాదంటడా? నాకు, సంపత్‌కు ఇద్దరికి వాచ్‌మన్ పని పక్కా" అని చెప్పి బస్సెక్కాడు కనుకయ్య. ఆ మాట నమ్మి, పక్క సాంచెల మీద పనిచేసే సంపత్ గోదాంలో దొరికిన పని వద్దనుకున్నాడు.

"ముందుగాల బస్సు సంగతి ఇనుండ్రి," అని మొదలుపెట్టాడు. "ట్రావెల్స్ బస్సుల నాకు కిటికీ సీటు దొరికింది. దీంట్ల కోతల్లేవ్, కిటికీ సీటే. అయితె డ్రైవరు అద్దంల నన్ను చూసిండు. 'అన్నా, నువ్వు సదువుకున్నోని లెక్క కనవడ్తున్నవ్, గిట్ల ముందుకు రా' అని పక్కన కూసోవెట్టుకున్నడు. షోలాపూర్ దాటినంక వానికి నిద్రొచ్చింది. ఇగ బండి నేనే నడిపిన."

"నీకు సైకిలే రాదు గద బావా," అన్నాను నేను.

"సైకిలు కష్టమే మరి. రెండు చక్రాలు, కింద పడ్తది. బస్సుకేంది, అదే నిలబడ్తది!"

అందరం నవ్వాం. సంపత్ నవ్వలేదు. "పని సంగతి చెప్పన్నా," అన్నాడు.

"ఆగరాదు జర, అదే వస్తున్న. గేటు కాడ దిగిన, లోపలికి పోయిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా? స్టేజీ మీద బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద నా ఫోటో! ఇంటర్ల దిగింది, సన్న మీసం. గంత మంది సదివినం గద, అందరి ఫోటోలు పెట్టిండ్రా? లే! ఏరి ఏరి ముగ్గురియే పెట్టిండ్రు. అండ్ల నాది నడుమ."

"శెభాష్," అన్నాడెవరో.

"పూలు చూడాలె మీరు! ఒక్కొక్కలొచ్చుడు, నా ఫోటో మీద పూలేసుడు, దండం పెట్టుడు. ఎక్నామిక్స్ సారు పాపం ముసలోడైండు, ఇద్దరు పట్టుకుంటె గని నిలబడ్తలేడు, ఆయన సుత వచ్చి నా ఫోటో మీద చెయ్యి పెట్టి ఏడ్సిండు. ఏడ్సుడంటె ఎట్లనుకున్నరు? ఆ కండ్లనీళ్లకు ముందు వరుసోళ్ల చెప్పులు కొట్టుకపోయినయ్! పూలు అయిపోయినయని ఆటోల తెచ్చిండ్రు, అవి సుత అయిపోతె లారీల తెచ్చిండ్రు. ఆ నాడు జిల్లాల ఒక్క పూలదండ దొరకక లగ్గాలే ఆగిపోయినయ్."

"నిన్ను స్టేజీ మీదికి పిలిచిండ్రా అన్నా?" సంపత్ అడిగాడు.

"నేను ఎనుక వరుసల కూసున్న. ఆ తర్వాత ఏమైందో తెల్సా? సురేశ్ మైకు పట్టిండు. 'మా కనుకయ్య అసొంటోడు ఈ కాలేజీల మల్ల పుట్టడు' అన్నడు. లెక్కలల్ల నేనే ఫస్టని చెప్పిండు. వాలీబాల్ ఆట సుత యాది చేసిండు. నేను కొట్టిన బాలొకటి పైకి పోయింది, ఇప్పటిదాంక కిందికి రాలే. ప్రిన్సిపాలు రోజు పొద్దుగాల గ్రౌండ్ల నిలబడి మీదికి చూస్తడట. ఇగ ఆఖరికి, 'ఇయ్యాల కనుకయ్యుంటె నా బడి తాళాలు వాని చేతుల్నే పెట్టేటోన్ని' అన్నడు."

సంపత్ బల్ల మీంచి లేచాడు. "గట్లన్నడా? మరి అడిగినవా?"

"అడుగుదామనే లేసిన. 'సురేశ్' అని పిలుద్దామని నోరు తెరిచిన. ఆ తర్వాత ఏమైందో తెల్సా? కాలేజీ కాలేజీ లేచి నిలబడ్డది! సార్లు, ఆడోళ్లు, పిల్లలు, వంటోళ్లు, అందరు. రెండు నిమిషాలు ఒక్కని నోట్లెకెళ్లి మాట లేదు. ఫ్యాన్లు తిరుగుడు ఆపినయ్. రోడ్డు మీద లారీలు ఆగినయ్. ఎగిరే కాకి గాలిల అట్లనే నిలబడ్డది. సిరిసిల్లల సాంచెలు బంద్ పడ్డయ్. ఇక్కడ నిజాంపురాల, నాగావ్‌ల, మన కార్ఖానాల అన్ని సాంచెలు బంద్ పడ్డయ్. ఆదివారం మధ్యాన్నం మీకు సప్పుడు ఆగలేదా?"

"ఆగలేదన్నా," అన్నాడు సంపత్. "నువ్వు లేవని నీ సాంచెలు సుత నేనే నడిపిన. ఒక్క పోగు తెగలే."

మేము పడీ పడీ నవ్వుతున్నాం. వెంకవ్వ కడుగుతున్న గ్లాసు పక్కన పెట్టి, చీర కొంగుకు చేతులు తుడుచుకుంది.

"కనుకయ్యా, దండ నీ మెడల ఏసిండ్రా, ఫోటోకేసిండ్రా?"

"ఫోటోకే అక్కా. దూరమున్నోళ్లకు కనవడాలె గద."

"ముంగట దీపం పెట్టిండ్రా?"

"పెద్ద దీపం. కరీంనగర్ దాంక కనవడ్డది."

"మిగతా ఇద్దరి ఫోటోలు ఎవలెవలియి?"

కనుకయ్య చాయ్ గ్లాసు చేతిలో తిప్పాడు. "నాగయ్యది ఒకటి. కిషన్‌ది ఒకటి."

"కిషన్ కరోనాల పోయిండని తెలిసిన నాడు గీ బల్ల మీదనే కూసోని ఏడ్సినవు గదరా," అంది వెంకవ్వ. "వాళ్ల లెక్కల నువ్వు సుత సచ్చిపోయినవ్. నీ కోసం లేవలేదు వాళ్లు. నీ సావుకు లేసిండ్రు."

అంతసేపు నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

"ఎవడో చెప్పిండట అక్కా," అన్నాడు కనుకయ్య. ఇంకా అరిచే చెబుతున్నాడు. "భివండిల కనుకయ్య సుత పోయిండని. నాకు వాళ్ల నంబర్లు లేవాయె, వాళ్లకు నాది లేదాయె. అయినా ఎంత మందో తెల్సా? సారు ఏడ్సింది మాత్రం నిజం. దాంట్ల కోతల్లేవ్."

"అందరు కూసున్నంకనన్న చెప్పకపోయినవా, బతికే ఉన్ననని?" సంపత్ అడిగాడు.

"చెప్దామనే పోయిన. బువ్వ కాడ సురేశే నా ముంగటికొచ్చిండు. నా మొకం మంచిగ చూసిండు. 'మీరు ఎవరి తాలూకు?' అన్నడు. వాడు మైకుల చెప్పిన పిలగాడెక్కడ, నేనెక్కడ? పండ్లు ఊడిపాయె, ఎంటికలు తెల్లగాయె. ఈ మొకం పెట్టుకొని నేనే కనుకయ్యనని ఎట్ల చెప్పాలె? 'కనుకయ్య తమ్మున్ని' అన్న. వాడు నా రెండు చేతులు పట్టుకున్నడు. 'మీ అన్న ఫోటో మీ ఇంట్లనే ఉండాలె' అని ఇచ్చిండు."

కాళ్ల దగ్గర సంచిలోంచి ఫోటో తీశాడు. అద్దం వెనక సన్న మీసం పిల్లవాడు, చుట్టూ ఎండిన బంతిపూల దండ. ఆ పిల్లవాడు ఇతనే అని చెబితే తప్ప మాకూ తెలిసేది కాదు. వెంకవ్వ చెయ్యి చాపి దండను పుటుక్కున తెంపి, చాయ్ పొట్టు పారేసే బకెట్‌లో వేసింది.

"బతికున్నోని ఫోటోకు దండేందిరా," అంది, కళ్లు తుడుచుకుంటూ.

సంపత్ ఫోటో వంక చూశాడు. తర్వాత, సాంచె మనిషి ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా అన్నాడు.

"గోదాంల పని నిన్న వేరేటోనికి ఇచ్చిండ్రు. నువ్వు పని పట్టుకొస్తవని నేను ధీమాగున్న. తమ్మున్నని చెప్పినవు గదన్నా, బతికున్న ఆ తమ్మునికన్న ఒక పని ఇయ్యమని అడగకపోయినవా?"

కనుకయ్య నోరు తెరిచాడు. ఫోటోను తిప్పి ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏమైందని మాలో ఎవరూ అడగలేదు.