ద్వీపం జనాభా

ఆ ద్వీపమంతా కలిపి ఒక పెద్ద బండ, రెండు తుప్పలు. పొద్దున దిగిన జనాభా లెక్కల గుమాస్తా ఇంకా బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే ఉన్నాడు. తీసుకెళ్లడానికి పడవేసుకొచ్చిన బావమరిది నీళ్లలోంచే అరుస్తున్నాడు.

“సున్నా అని రాసేసి పడవెక్కు బావా! పోటొస్తోంది.”

“సున్నా ఎలా రాయనురా? గడ్డమీద ఉండి, కనబడ్డ తలలన్నీ లెక్కపెట్టాలని రూలు. ఒక తల ఉంది.”

“అది నీదే!”

“తల తలే. మనదని వదిలేస్తామా?”

“పడవలోంచి లెక్కపెట్టు.”

“నీళ్లమీది లెక్క చెల్లదు.”

“ఈ బండ చరిత్రంతా ఏముంది? ఎవడో నావికుడు జెండా పాతాడు, అది గాలికి కొట్టుకుపోయింది. వాడు మళ్లీ ఇటు చూస్తే ఒట్టు. ఇక్కడ కాకి కూడా కాపురం చెయ్యదు!”

“కాకికేం, ఇంట్లో మాట పడక్కర్లేదు.”

బావమరిది తెడ్డు ఆపాడు.

“ఏమందేమిటి మా అక్క?”

“నేను ఇంట్లో ఉన్నా లేనట్టేనంది. ఇక్కడ చూడు. నేనుంటే ఒకటి, లేకపోతే సున్నా.”

“అలాగా! మరి ‘మీ బావ లేకుండా వచ్చావో, గుమ్మం తొక్కనివ్వను’ అని నన్ను తరిమిందెవరు?”

గుమాస్తా బండ మీంచి లేచాడు. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలిలోతు నీళ్లలోకి దిగాడు.

“ద్వీపం మొత్తం వలసపోయిందని రాయాలిరా. కారణం అడుగుతారు. కరువనాలా, వరదనాలా?”

“మా అక్క రమ్మందని రాయి.”