నంబరు కనపడని ఫోను

అమెరికాలోని టొలీడో ఊళ్ళో, లాండ్రీ షాపులో బట్టలు మెషిన్లో తిరుగుతున్నాయి. టమేరా తన కొడుకు మైకా గురించి ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరాన్ని పక్కింటి పెద్దావిడ చేతిలో పెట్టింది.

"శుక్రవారంతో మైకా ఉచిత వైద్యం కార్డు ఆపేస్తారట, మిస్ ఓడెట్. వాడికి ఇన్సులిన్ నాలుగు రోజులకే ఉంది."

"మీ కేసు చూసే ఆవిడేమంటోంది?"

"ఎత్తితేగా! పదకొండు మెసేజిలు పెట్టా. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"కార్డు పొడిగించే ఫోను ఇంటర్వ్యూకి నువ్వే పలకలేదని ఇందులో రాశారు. ఇవాళ మధ్యాహ్నం ఆఖరిసారి చేస్తారట."

"అబద్ధం! నాకెవరు చేశారు?"

"ఆ ఆఫీసు నుంచి చేస్తే నంబరు కనపడదు తల్లీ."

టమేరా ముఖం పాలిపోయింది. "అలాంటివి నేనెత్తను. మైకా వాళ్ళ నాన్న కూడా అలాగే చేస్తాడు. మా కోసం వెతుకుతున్నాడు."

పెద్దావిడ ఉత్తరం మడిచి పక్కన పెట్టింది.

"ఫోను ఇలా ఇయ్యి. ఆవిడైతే నీకిస్తా. వాడైతే వాడి సంగతి నేను చూస్తా."

ఒంటిగంటకు ఫోను మోగింది. నంబరు లేదు. మిస్ ఓడెట్ ఎత్తి విన్నది.

"ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు నాయనా," అని పెట్టేసింది. "మగగొంతే, వాడే అయ్యుంటాడు," అంది టమేరాతో.

ఫోను వెంటనే మళ్ళీ మోగింది. ఈసారీ నంబరు లేదు.

"ఇలా ఇవ్వండి," అని టమేరా చెయ్యి చాపింది. "ఇది ఆవిడైతే?"