మట్టయ్య గారి మీద పడిన నా మెమో

శ్రీ చిలువేరు మట్టయ్య గారు 1981 మార్చి తొమ్మిదవ తేదీ, సోమవారం నాడు మా చేనేత సహకార సంస్థ దిల్‌సుఖ్‌నగర్ ప్రధాన కార్యాలయంలో టైపిస్టుగా చేరి, దాదాపు ముప్పై మూడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ 2014 జనవరి నెలాఖరున సీనియర్ అసిస్టెంటు హోదాలో పదవీ విరమణ చేస్తున్నారు. సూపరింటెండెంటుగా జరగవలసిన విరమణ ఇది. జరగకపోవడానికి కారణం ఈ వ్యాసకర్త.

పోచంపల్లి నేత కుటుంబంలో జన్మించిన వారు, కార్యాలయానికి కంప్యూటర్లు వచ్చిన పిమ్మట, నలభై అయిదేళ్ల ప్రాయంలో సాయంత్రాలు చైతన్యపురిలోని కోచింగ్ సెంటరుకు వెళ్లి, "అంకుల్, జర జరుగుండ్రి" అనే విద్యార్థుల నడుమ కూర్చుని నెట్‌వర్కింగ్ అభ్యసించారు. రేపల్లె నుంచి వచ్చి హోదాలో వారికి పైవాడినైన నాకు ఆ విద్యలో ఓనమాలు దిద్దించిందీ వారే. మా ఎల్బీ నగర్ శాఖ కంప్యూటర్లు ప్రతి ఉదయం ప్రధాన కార్యాలయంలోని సర్వరును తమ చిరునామా అడుగుతాయి. ఆ అభ్యర్థనను మధ్యనున్న రూటరు చేరవేస్తుంది. మరి శాఖలోని కంప్యూటర్లను కలిపే స్విచ్ ఆ అభ్యర్థనకు తగిలించే ఆప్షన్ 82 అనేది ఏమిటని నేనడిగితే, "మన అటెండర్ బక్కయ్య ఫైలు మీద ఏ సెక్షన్‌దో చిట్టి పెట్టి తెస్తడు సూడుండ్రి, గదే సార్" అని నవ్వేశారు.

2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె సాగుతుండగా, మట్టయ్య గారు ఒకరోజు సెలవు పెట్టి ఎల్బీ నగర్ చౌరస్తాలో ధర్నాకు కూర్చున్నారు. ఆ ముందురోజు సాయంత్రం, నాకూ వచ్చునన్న గొప్పకు పోయి, వారినొక మాటైనా అడగకుండా శాఖ స్విచ్‌లో ఆ ఆప్షన్ పెట్టి, పరీక్షించకుండానే ఇంటికి వెళ్లిపోయాను. స్విచ్ అంటించే చిట్టిని నమ్మమని రూటరుకు చెప్పడం మరిచాను. అది వచ్చిన అభ్యర్థననల్లా తోసిపుచ్చింది. తెల్లవారి శాఖలో ఒక్క కంప్యూటరూ పనిచేయలేదు. "ఇది సమ్మె వాళ్ల పనే, ఆ మట్టయ్యే చేశాడు" అని మేనేజరు గారు కేకలేశారు. నేను ఒక ఫైలు తెరిచి అందులో తలదూర్చాను.

కబురందుకొని ధర్నా నుంచి వచ్చిన మట్టయ్య గారు రూటరుకు ఒకే ఒక్క లైను ఆదేశమిచ్చి అంతా సరిచేసి, నన్ను వరండాలోకి పిలిచారు.

"మీరే పెట్టిండ్రని నాకెర్కనే సార్. జర ఊకోండ్రి. గీ దినాలల్ల మీ పేరు బయటపడితె ఆంధ్రాయన కావాలనే చేసిండంటరు, లొల్లైతది. నాకేమైతది, ఒక కాగితమిస్తరు."

ఆ కాగితం వారి సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది, పదోన్నతి ఆగిపోయింది. నెల తర్వాత వారి సతీమణి శ్రీమతి యాదమ్మ గారు వచ్చి, ఎవరినో కాదు, నన్నే వేడుకున్నారు: "మా ఆయన అసుంటోడు కాదు సార్. మీరన్నా పెద్దసార్‌కు జర చెప్పుండ్రి."

"చూద్దాం లేండి" అని నీళ్లు నమిలాను. సిగ్గుతో చచ్చిపోవలసింది, చావలేదు సరికదా, మర్నాడు మామూలుగా టిఫిన్ తిని డ్యూటీకి వచ్చాను.

యాదమ్మ గారూ, ఆ తప్పు మీ ఆయనది కాదు, నాది. నిన్ననే సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేశాను. మెమో రద్దు కావచ్చు గాని, పోయిన పదోన్నతి తిరిగిరాదు. ఇన్నాళ్లూ మట్టయ్య గారు నన్ను పల్లెత్తు మాట అనకపోగా, రోజూ నాతోనే చాయ్ తాగారు. వారు మీ తోడుగా, సంపూర్ణ ఆరోగ్యంతో, నిశ్చింతగా నిండు నూరేళ్లు జీవించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. ఆ నూరేళ్లలో ఒక్క రోజైనా మా ఇంటికి వచ్చి నన్ను నోరారా తిట్టాలని కూడా.

భానుమూర్తి, సెక్షన్ ఆఫీసరు