రెండడుగుల ముందు

బేతంచెర్లలో ఒక ఇంటి వసారా. నడుముకు బెల్టు కట్టుకున్న మనిషి చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇరవై ఏళ్లుగా అతనితో జతగా నాపబండలు మోసినవాడు పక్కన కూర్చున్నాడు.

“కర్నూలు డాక్టరు ఏమన్నాడన్నా?”

“ఎన్నుపూస ఒకటి ముందుకు జారిందంట. ఆపరేషన్ వద్దులే, బెల్టూ కసరత్తూ చాలన్నాడు.”

“మంచిదే గదా. సోమవారం పనికి వస్తావా మరి?”

“బరువు ఎత్తగూడదంట.”

“ఎన్నాళ్లు?”

“నాళ్లు చెప్పలేదప్పా. ఇంక ఎత్తొద్దన్నాడు.”

“కాలు ఎట్లుండాది?”

“మొద్దుబారే ఉండాది. గిచ్చి సూడు.”

“గిచ్చినానన్నా.”

“యాడ?”

“… పోనీలే. మేస్త్రి నాకు మద్దిలేటిని జత చేస్తానంటాండాడు. నువ్వు వస్తానంటే వద్దని చెప్తా.”

“వద్దనొద్దు. వాడు నీ ఎత్తే. బరువు సమంగా పడతాది.”

“వాడు నోరు తెరవడన్నా. బండ మోసినట్టు ఉండదు, పాడె మోసినట్టు ఉంటాది.”

“ఎనక్కి నడిచేది నువ్వు. దావ వాడే చెప్పల్ల. మెట్టు వస్తే రెండడుగుల ముందే చెప్పమను. మెట్టు కాడ చెప్తే నీ ఎడమ కాలు తడబడతాది.”

“నాకా? ఇరవై ఏండ్లలో యాడ తడబడినా నేను?”

“నేను ముందే చెప్తాంటి గదా.”

పడుకున్నతను మోకాళ్లు మడిచి పాదాలు చాపకు ఆనించాడు.

“కసరత్తు యాళయింది. నడుము పైకెత్తి పది దాకా ఆపల్ల. లెక్క పెట్టప్పా.”

“ఎత్తన్నా. ఒకటి.”